మూడో గుర్తు

క్లైపెదాలో అక్టోబరు.
రేవు మీద మంచు. క్రేన్లకు మెడల వరకే ఒళ్లుంది.
మూడో అంతస్తులో మా గది, గోడంతా చీటీలు:
పసుపువి ఈ మూడు నెలలకు, నీలివి ఆ పై మూడు నెలలకు,
తెల్లవి ఎప్పటికో.

మేం పరీక్షలు రాయం.
సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించేవాళ్లు
తమ పరీక్షల్ని దాచుకునే అరలు చేస్తాం.
ఏం నొక్కాలి, ఏం కనబడాలి,
ఎవరు చూశారు, ఏ రోజున.
చివర రెండే గుర్తులు, ఆకుపచ్చా ఎరుపూ.
లోకాన్ని ఇంత శుభ్రంగా రెండుగా కోసే కత్తి
చేపల బజారులోనూ దొరకదు.

తౌతవిదస్ చదువుతున్నాడు, నేను ఓట్లు రాసుకుంటున్నాను.
చీకటి తెర: నాలుగొందల పన్నెండు.
ఒకచోట దిద్దితే వంద చోట్ల దిద్దుకునే ఉమ్మడి మెట్లు: మూడొందల ఆరు.
ఏ అవసరానికి ఏ పరీక్షో దారం కట్టి చూపే పటం.
రెండేళ్లుగా ఫలితం లేని పరీక్షల్ని
తనంతట తానే ఊడ్చేసే చీపురు. దీనికి చాలా ఓట్లు,
అందరి ఇళ్లలోనూ దుమ్మే కదా.

"మరి ఇది?"
తెల్ల చీటీ, ఇప్పుడు టీ రంగు.
మూడు ఓట్లు. ఏడేళ్లు.

రాసినామె డాంగువొలె.
అవతలి ఒడ్డుకు కార్లు మోసే ఫెర్రీల్లో
తలుపు మూసే ప్రోగ్రాముని పరీక్షించేది.
"తలుపు మూసుకుంది. దీపం వెలిగింది. మెట్లన్నీ సరిపోయాయి.
కానీ మూసుకునే ముందు ఒక్క క్షణం తటపటాయించింది.
ఆకుపచ్చ పెడితే అబద్ధం.
ఎరుపు పెట్టడానికి నా దగ్గర రుజువు లేదు.
మూడో గుర్తు ఒకటి ఇప్పించండి.
పేరు మీ ఇష్టం, 'ఏమో' అన్నా చాలు."

కింద మా జవాబు: మంచి ఆలోచన. ప్రణాళికలో ఉంది.
ఆ మాటలు నావే.

దయ్యం లోపలికి రాకుండా
తలుపు మీద 'రేపు రా' అని రాసే ఊళ్లున్నాయట.
మేం గోడ గోడంతా రాశాం.
ఆమె మాత్రం చదివి, నమ్మి, రేపే వచ్చేది.
మూడో ఏడు: "ఇంకా ప్రణాళికలోనే ఉందా?"
అయిదో ఏడు: "నాకేం తొందర లేదు. తలుపుకే."

ఈ మే నెలలో ఇంకొకరి పేరుతో ఉత్తరం.
డాంగువొలె రిటైరయ్యారు, ఆమె పరీక్షలు నాకొచ్చాయి,
కొన్నింటికి ఏ గుర్తూ లేదు,
మీ పరికరం వాటిని 'చేయనివి' అంటోంది,
చీపురు ఎప్పుడొస్తుంది?

తెరిచి చూశాను.
ముప్పై ఎనిమిది ఖాళీ గడులు.
ప్రతి గడి పక్కనా, ఎవరూ చూడని వ్యాఖ్యల పెట్టెలో
చిన్న అక్షరాలు:
మళ్లీ తటపటాయించింది. పడమటి గాలి.
తటపటాయించింది. పడమటి గాలి, వాన.
ఈరోజు లేదు. గాలి లేదు.
మళ్లీ.

చేయనివి!
మాకు గడి లేక
ఆమె తన గడి తానే తవ్వుకుంది, ఖాళీతో.
చీపురొస్తే ముందు పోయేది ఇవే.

"మూడు ఓట్లే," అన్నాడు తౌతవిదస్.
నాలుగోది వేశాను.
చీపురు చీటీ తీసి తెల్లవాటి పక్కన పెట్టాను.
అతను ఏమీ అనలేదు, చీకటి తెరని మాత్రం
నా చేతికి అందకుండా కాస్త పైకి జరిపాడు.

రాత్రి ఆ గుర్తుకే ఒక పరీక్ష రాయబోయాను.
మొదటి మెట్టు: పరీక్షను తెరవండి.
రెండు: 'ఏమో' నొక్కండి.
ఆశించిన ఫలితం

అక్కడ ఆగాను.
కిటికీ కింద ఆఖరి ఫెర్రీ.
తలుపు పైకి లేచింది, ఇనుము ఇనుముకి తగిలింది.
వెంటనే తగిలిందా,
లేక